తెలుగు అచ్చుకు ఇటాలిక్ కావాలా?

సంపాదకుడు: ఇటాలిక్ అంటే నాకు పడదని అనుకోకండి. మంచి ఇంగ్లీషు పుస్తకంలో అంకితం పేజీ తెరిచినప్పుడు ఆ సన్నని వాలు అక్షరాలు చూసి నేనూ కాసేపు ఆగుతాను. నా పేచీ అంతా తెలుగు పేజీ దగ్గరే. కంప్యూటర్లో బటన్ ఉంది కదా అని నొక్కేస్తున్నారు. కథలో ఉత్తరం వస్తే ఇటాలిక్, కల వస్తే ఇటాలిక్, పాత్ర మనసులో ఏదైనా అనుకుంటే ఇటాలిక్. రచయితలు పంపే ఫైళ్లలో నేను ముందు చేసే పని, ఆ వాలినవన్నీ నిలబెట్టడం.

అక్షరశిల్పి: మీ కుర్చీలో ఉంటే ఆ పని నేనూ చేస్తాను. కానీ ఆ బటన్ ఇచ్చేది ఇటాలిక్ కాదండీ. తెలుగు ఫాంట్లలో దాదాపు వేటికీ ఇటాలిక్ విడిగా గీసి ఉండదు. ఉన్న నిలువు అక్షరాన్నే సాఫ్ట్‌వేర్ పక్కకు తోస్తుంది, అంతే. దాన్ని చూసి ఇటాలిక్ మీద తీర్పు చెబితే అన్యాయం. అసలైన దాన్ని ఒకసారి దగ్గరగా చూద్దాం. గారమండ్ తరహా సెరిఫ్ ఫాంట్ ఏదైనా తీసుకోండి. నిలువు రూపంలో చిన్న 'ఏ'కి కింద పొట్ట, పైన కప్పు ఉంటాయి. ఇటాలిక్‌లో కప్పు పోయి పొట్ట ఒక్కటే మిగులుతుంది. నిలువు 'ఎఫ్' గీత మీదే ఆగుతుంది. ఇటాలిక్ 'ఎఫ్' తోక గీత దాటి కిందికి దిగుతుంది. నిలువు అక్షరం కాళ్లకు అడ్డంగా చిన్న పాదాలుంటాయి కదా, వాటినే సెరిఫ్‌లంటాం. ఇటాలిక్‌లో వాటి బదులు కలం కాగితాన్ని తాకిన చోట ఒక సన్నని కొక్కెం, వదిలిన చోట పైకి లేచిన కొస కనిపిస్తాయి. రెండు రూపాలనూ పక్కపక్కన పెడితే, ఒకే మాటను ఇద్దరు మనుషులు రాసినట్టుంటుంది. ఇటాలిక్ అందమంతా అక్కడే ఉంది. వాలు దాని తర్వాతి సంగతి.

సంపాదకుడు: వాలు తర్వాతి సంగతా? పాఠకుడికి ముందు కనిపించేది అదేగా.

అక్షరశిల్పి: కనిపించేది అదే. పుట్టుక వేరు. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు 1501లో వర్జిల్ కావ్యాలను చిన్న సైజు పుస్తకంగా వేశాడు. మొదటి నుంచి చివరి దాకా ఇటాలిక్‌లో అచ్చయిన మొదటి పుస్తకం అదే. అంతకు ముందు ఏడాది ఆయనే వేసిన సెయింట్ కేథరిన్ ఉత్తరాల పుస్తకంలో, బొమ్మలో ఆమె చేతిలోని పుస్తకం మీద ఆ అక్షరాలు నాలుగైదు మాటలుగా కనిపించాయి. వాటికి అచ్చులు చెక్కినవాడు బొలోన్యా ఊరివాడు ఫ్రాంచెస్కో గ్రిఫో. ఆ వర్జిల్‌లో చిన్నక్షరాలు కొద్దిగానే వాలి ఉంటాయి. పెద్దక్షరాలైతే నిటారుగా నిలబడే ఉంటాయి! పెద్దక్షరాలను కూడా వాల్చడం తర్వాతివాళ్లు చేసిన పని. ఎరిక్ గిల్ 1930 ప్రాంతంలో గీసిన జొయానా ఫాంటు చూడండి, దాని ఇటాలిక్ వాలు మూడు డిగ్రీల దగ్గర్లో ఉంటుంది. అయినా అది ఇటాలిక్ అని గుర్తుపట్టడానికి ఎవరికీ ఇబ్బంది లేదు. పుట్టిన రోజున సగం నిలువుగా ఉన్న అక్షరానికి వాలే ప్రాణమని ఎలా అంటాం?

సంపాదకుడు: చోటు కలిసి వస్తుందని కదా ఆల్డస్ దాన్ని తెచ్చింది? సన్నటి అక్షరం, తక్కువ కాగితం, జేబులో పట్టే పుస్తకం. వ్యాపారం కోసం చేసిన పనికి మీరు కళ పేరు పెడుతున్నారు.

అక్షరశిల్పి: ఆ మాట చాలా పుస్తకాల్లో ఉంది. లెక్క చూస్తే అంత నిలవదు. అదే సైజు నిలువు అక్షరంతో పోలిస్తే ఆ ఇటాలిక్‌లో కలిసొచ్చే చోటు స్వల్పం. పుస్తకం చిన్నది కావడానికి అసలు కారణం కాగితం మడతా, వ్యాఖ్యానాలు తీసేసి మూలం మాత్రమే వెయ్యడమూ. ఇటాలిక్‌ను ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఫ్లోరెన్స్‌లో నికొలో నికొలి వంటి పండితులు పదిహేనో శతాబ్దం మొదట్లో పాత లాటిన్ గ్రంథాలను తమ కోసం తామే నకలు రాసుకునేవారు. త్వరగా, కలం ఎక్కువ ఎత్తకుండా రాసిన రాత అది. అదే రాత పోప్ కచేరీలో గుమాస్తాల చేతికీ చేరింది. ఆల్డస్ పుస్తకాలు కొనేవాళ్లు ఆ రాత రాసేవాళ్లే. వాళ్ల సొంత దస్తూరీనే సీసపు అక్షరాలుగా మార్చి వాళ్ల చేతికిచ్చాడు. పాఠకుడికీ పుస్తకానికీ మధ్య అంత దగ్గరితనం అచ్చులో అంతకు ముందు లేదు. వెనిస్ ప్రభుత్వం నుంచి ఆ అక్షరాల మీద ప్రత్యేక హక్కు తెచ్చుకున్నా లియోన్ ముద్రాపకులు దొంగ అచ్చులు వేసేశారు. 1503లో ఆల్డస్ ఆ దొంగ ప్రతుల తప్పులను వరసగా ఎత్తి చూపుతూ ఒక హెచ్చరిక పత్రమే అచ్చు వేశాడు. కోరుకునేవాళ్లు లేని అక్షరాన్ని ఎవరూ దొంగిలించరు.

సంపాదకుడు: ఒప్పుకుంటున్నాను, అది పండితుల అక్షరం. కానీ తర్వాత ఏమైంది? పుస్తకమంతా ఇటాలిక్‌లో వేసే అలవాటు వంద, నూట యాభై ఏళ్లలో తగ్గిపోయింది. నిలువు అక్షరం పేజీకి యజమాని అయింది. ఇటాలిక్‌కు మిగిలింది ముందుమాట, అంకితం, పుస్తకాల పేర్లు, పరాయి మాటలు, నొక్కి చెప్పే పదాలు. ఆ మార్పు ఎవరో పై నుంచి శాసిస్తే రాలేదు, పాఠకుల కళ్లు తేల్చుకున్నాయి. అమెరికాలో మైల్స్ టింకర్, డొనాల్డ్ పేటర్సన్ చదివే వేగం మీద 1920లలో పరీక్షలు మొదలుపెట్టి, నిలువు అక్షరం కంటే ఇటాలిక్‌ను నెమ్మదిగా చదువుతారని చూపించారు. చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా ఉన్నవారి కోసం బ్రిటన్‌లో ఆ రంగంలో పనిచేసే సంస్థ ఇచ్చే సలహాల్లో ఇటాలిక్ వాడవద్దనేది ఒకటి. అందం కోసం చదవలేని వాళ్లను పక్కన పెడతామా?

అక్షరశిల్పి: టింకర్, పేటర్సన్ పరీక్షల్లో తేలిన తేడా చాలా చిన్నదండీ. పైగా వాళ్లు పరీక్ష పెట్టింది ఏళ్ల తరబడి నిలువు అక్షరాలకు అలవాటు పడ్డ కళ్లకు. అయినా ఆ నష్టం లేదని నేను అనను. రెండు వందల పేజీల నవలను ఇటాలిక్‌లో వెయ్యమని నేనెప్పుడూ చెప్పను. డిస్లెక్సియా మాట మీరు ఎత్తారు కాబట్టి చెబుతున్నాను, అది నేను తోసిపుచ్చలేని అభ్యంతరం. బడి పుస్తకంలో పిల్లలు నేర్చుకోవాల్సిన నిర్వచనాన్ని ఇటాలిక్‌లో పెట్టే వాళ్లను నేనే ఆపుతాను. నేను అడుగుతున్నది వేరు. ఒక పేజీలో ఒకే గొంతు ఉండాలా, రెండో గొంతుకు కూడా చోటుండాలా?

సంపాదకుడు: రెండో గొంతు ఉండాలన్నా అది మొదటి గొంతును చెడగొట్టకూడదు. స్టాన్లీ మోరిసన్ వాదన ఇదే. టైమ్స్ న్యూ రోమన్ వెనకున్న మనిషి ఆయన. 1926లో 'ది ఫ్లూరన్' పత్రికలో ఇటాలిక్ ఎలా ఉండాలో ఒక వ్యాసం రాశాడు. నిలువు అక్షరానికి తోడుగా ఉండాల్సిందంటే, దాని రూపాన్నే కొద్దిగా వాల్చితే చాలు, వేరే చేతిరాత హంగులు ఎందుకని అడిగాడు. కుదురైన ఆలోచన. పేజీ మీద కన్ను తడబడదు. పదం వాలింది, తేడా తెలిసింది, ముందుకు సాగాం.

అక్షరశిల్పి: కాగితం మీద చాలా కుదురైన ఆలోచన. అచ్చు మీద ఏమైందో కూడా చెప్పాలి కదా. ఆ సిద్ధాంతం ప్రకారమే గిల్ పర్పెచువా ఫాంటుకు తోడుగా వాలు రోమన్, అంటే వాల్చిన నిలువు అక్షరం, గీశాడు. మోనోటైప్ కంపెనీలో వాళ్లకే అది రుచించక, చేతిరాత పోకడలు కొన్ని చేర్చి ఫెలిసిటీ అనే ఇటాలిక్‌గా తీర్చిదిద్దారు. అమెరికాలో డ్విగిన్స్ 1935లో ఎలెక్ట్రా ఫాంటును వాలు రోమన్‌తోనే విడుదల చేశాడు. కొన్నేళ్లకే దానికి చేతిరాత పోకడ ఉన్న అసలు ఇటాలిక్ గీయాల్సి వచ్చింది. ఇక మోరిసన్ పర్యవేక్షణలో 1932 అక్టోబరులో లండన్ 'టైమ్స్' పత్రికకు వచ్చిన టైమ్స్ న్యూ రోమన్ ఇటాలిక్ చూడండి. 'ఏ'కి కప్పు లేదు. పాదాల బదులు కొక్కేలున్నాయి. సిద్ధాంతం చెప్పిన మనిషి తన పర్యవేక్షణలో వచ్చిన అక్షరంలోనే దాన్ని అమలు చేయలేదు. అన్నిచోట్లా ఒకటే చిక్కు వచ్చింది. వాల్చిన నిలువు అక్షరం నిలువు అక్షరంలాగే కనిపిస్తుంది, కాస్త ఒరిగినట్టు. తేడా ఉన్నట్టూ ఉండదు, లేనట్టూ ఉండదు. వేరే చేతి నుంచి వచ్చింది కనకే ఇటాలిక్ ఒక్క పదంలో కూడా తనను తాను చెప్పుకోగలదు.

సంపాదకుడు: సరే, లాటిన్ లిపి వరకు మీ మాట నెగ్గింది. అక్కడ ఇటాలిక్ చేసే పనుల్లో కొన్ని నాకూ ఇష్టం. 1560 నాటి జెనీవా బైబిల్ అనువాదకులు, మూలంలో లేకుండా వాక్యం నిలబడడానికి తాము చేర్చుకున్న మాటలను వేరే అక్షరంలో, ఇటాలిక్‌లో వేశారు. ఇది మూలం మాట, ఇది మా మాట అని పాఠకుడికి పదం పదం దగ్గరా చెప్పడం. అనువాదంలో అంతకు మించిన నిజాయితీ ఉంటుందా? ఇప్పటి అనువాదకులు చాలామంది అంత పని పెట్టుకోరు.

అక్షరశిల్పి: భౌతికశాస్త్రం పుస్తకం తెరవండి. ఇటాలిక్‌లో ఉన్న 'ఎం' ద్రవ్యరాశి, నిలువుగా ఉన్న 'ఎం' మీటరు. ఆ రెండూ ఒకే సమీకరణం పక్కన కూర్చున్నా పొరపాటు రాదు. తెలుగు మీడియం పుస్తకాల్లోనూ సూత్రాలు అలాగే అచ్చవుతాయి. వరి శాస్త్రీయ నామం ఒరైజా సటైవా ఇటాలిక్‌లో కనిపించగానే అది ప్రజాతి, జాతి అని వ్యవసాయ విద్యార్థికి తెలుస్తుంది. నవలల్లోకి వస్తే, ఫాక్‌నర్ 1929లో 'ది సౌండ్ అండ్ ద ఫ్యూరీ' మొదటి భాగంలో కాలం మారిన చోట ఇటాలిక్‌కు మారాడు. కాలానికో రంగు సిరా వాడితే బాగుండునని ఆయనకుండేది. అచ్చులో అప్పటికి సాధ్యమైంది ఇటాలిక్ ఒక్కటే. వీటిలో ఏదీ అలంకారం కాదు. అర్థాన్ని మోసే పనులు.

సంపాదకుడు: అదే చేత్తో చేసిన ఇంకో పని కూడా చెప్పండి. పరాయి మాటలకు ఇటాలిక్ వేయడం. అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు ఇంగ్లీషులో కథలు రాస్తున్నారు. కథలో అమ్మమ్మ ఆవకాయ కలుపుతుంది. ఆవకాయ ఇటాలిక్‌లో వాలుతుంది, పక్కనే పాస్తా నిటారుగా నిలబడుతుంది. ఇది ఎవరి ఇల్లు, ఎవరు చుట్టం అని అక్షరమే తేల్చేస్తోంది. కథ చెప్పే అమ్మాయికి ఆవకాయ పరాయి మాట కాదు. అందుకే భారతీయ మూలాలున్న రచయితలు చాలామంది ఇప్పుడు తమ భాష మాటలకు ఇటాలిక్ వద్దని ప్రచురణకర్తలతో పట్టుబడుతున్నారు. వాళ్ల పట్టు నాకు పూర్తిగా సమంజసం.

అక్షరశిల్పి: నాకూ సమంజసమే. ఇటాలిక్ రెండో గొంతు అయినప్పుడు, ఆ గొంతు ఎవరిదో తేల్చే అధికారం రచయిత చేతిలో ఉండాలి. స్టైల్ గైడ్ చేతిలో కాదు.

సంపాదకుడు: ఇక మన పేజీకి వద్దాం. రెండో గొంతు లేని లిపులు ప్రపంచంలో లేవా? జర్మన్లు ఫ్రాక్టూర్ లిపిలో వందల ఏళ్లు అచ్చు వేశారు. దానికి ఇటాలిక్ లేదు. నొక్కి చెప్పాలంటే అక్షరాల మధ్య ఎడం పెంచేవారు. పరాయి మాట వస్తే దాన్ని రోమన్‌లో వేసేవారు. గొప్ప తత్త్వశాస్త్రమంతా ఆ ఏర్పాటుతోనే నడిచింది. జపాన్ వాళ్లు నొక్కి చెప్పాల్సిన అక్షరాల పక్కన చుక్కలు పెడతారు. మన దగ్గరా దారులున్నాయి. కథలో ఉత్తరం వస్తే పేరాను రెండు వైపులా లోపలికి జరిపి ఒక పాయింటు తగ్గిస్తాను. పుస్తకం పేరు కోట్స్‌లో పెడతాను. ఉపశీర్షికకు బోల్డ్. ఇన్నేళ్లలో ఏ పాఠకుడూ తేడా తెలియలేదని నాకు రాయలేదు.

అక్షరశిల్పి: మీ కోట్స్ ఎన్ని పనులు మోస్తున్నాయో చూశారా? సంభాషణ కోట్స్‌లో, పుస్తకం పేరు కోట్స్‌లో, కొత్త పారిభాషిక పదం కోట్స్‌లో, ఎత్తిపొడుపు కోట్స్‌లో. ఒక పాత్ర ఇంకో పాత్రతో కవి తిలక్ పుస్తకం గురించి మాట్లాడుతుందనుకోండి. జంట కోట్స్ లోపల ఒంటి కోట్స్, వాటి లోపల అమృతం కురిసిన రాత్రి. వాక్యం ముళ్లకంచె అయిపోతుంది. పోనీ కోట్స్ తీసేస్తే? ఇంగ్లీషులో పెద్దక్షరాలున్నాయి, అది పేరని వెంటనే తెలుస్తుంది. మనకు పెద్దక్షరాలు లేవు. నిన్న మాలపల్లి చూశాను అంటే నవల చూశాడా, వాడ చూశాడా, సినిమా చూశాడా? ఇంగ్లీషు కంటే మనకే రెండో రూపం అవసరం ఎక్కువ. బోల్డ్ అంటారా, అది పేజీ మీద నల్లగా అరుస్తుంది. పేరా మధ్యలో ఒక్క బోల్డ్ మాట ఉంటే, పై నుంచి చదవకుండానే కన్ను అక్కడికి ఉరుకుతుంది. ఇటాలిక్ అలా పిలవదు. ఆ మాట దగ్గరికి చేరాకే తేడా తెలుస్తుంది.

సంపాదకుడు: కోట్స్ మీద మోయలేని బరువు వేశామన్న మాట నిజం. ప్రూఫ్ దిద్దేటప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువ విసిగించేది అదే. కానీ మందు రోగం కంటే చెడ్డదైతే? ఒక్క పదం తీసుకోండి. స్వాతంత్ర్యం. 'స్వా' కింద వ వత్తు, 'త' కింద ర వత్తు, పక్కన య వత్తు. ఇప్పుడు బటన్ నొక్కండి. గీతకు పైనున్నదంతా కుడికి, కిందున్నదంతా ఎడమకు జరుగుతుంది. ఇంగ్లీషులో గీత కింద ఉండేవి ఏవో కొన్ని తోకలు, నష్టం లేదు. మనకు సగం అర్థం గీత కిందే ఉంటుంది. ఆ ర వత్తు తన 'త'ను వదిలి వెనకున్న సున్న కిందికి పోతుంది. 'ధ' కింద ఉండాల్సిన ఒత్తు గీత దూరంగా జరిగి, చిన్న సైజులో 'ద'లా కనిపిస్తుంది. గుడి ముందుకు ఒరిగి పక్క అక్షరం తలకట్టును గుద్దుకుంటుంది. సున్నాలన్నీ నలిగిన కోడిగుడ్లవుతాయి. లావు గీత ఎక్కడ ఉండాలో అక్కడ ఉండదు. నిలువు గీతలతో కట్టిన లిపికి వాలు తెలుస్తుంది. గుండ్రంగా తిరిగే లిపికి వాలడమంటే ఏమిటో కంటికి తెలియను కూడా తెలియదు.

అక్షరశిల్పి: మీరు చెప్పిన ప్రతి నష్టమూ నిజమే, నేను కొలతలు వేసి చూసుకున్నవే. అందుకే మొదటి నుంచీ వాలును పక్కన పెట్టమంటున్నాను. ఆల్డస్ అక్షరాన్ని వాల్చలేదు, గుమాస్తాల రాత దగ్గరికి వెళ్లాడు. మనకూ గుమాస్తాల రాత ఉంది. కరణాల గొలుసుకట్టు. ఊరి లెక్కలు, భూమి దస్తావేజులు, కౌలు కాగితాలు రాసిన చెయ్యి అది. అక్షరానికీ అక్షరానికీ మధ్య కలం ఎత్తకుండా, తలకట్టు నుంచే తర్వాతి అక్షరంలోకి సాగిపోయే రాత. పోప్ కచేరీలో గుమాస్తాగా ఉన్న లుడొవీకో అర్రీగి ఆ కచేరీ రాతను నేర్పుతూ 1522లో రోములో చిన్న పుస్తకం వేశాడు. తర్వాత ఆ రాతతోనే సీసపు అక్షరాలు చేయించాడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత 1920లలో ఫ్రెడరిక్ వార్డ్ వాటిని చూసే కొత్త ఇటాలిక్ గీశాడు. బ్రూస్ రోజర్స్ గీసిన సెంటార్ ఫాంటుకు ఈ రోజుకీ తోడుగా ఉన్నది అదే. మనకు అర్రీగి లాంటివాడు దొరకలేదు. 1746లో బెంజమిన్ షుల్జ్ జర్మనీలోని హాలె పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేసినప్పటి నుంచి మన అచ్చంతా విడివిడి అక్షరాల దారిలోనే నడిచింది. గొలుసుకట్టు అచ్చులోకి రాకుండానే, 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక కచేరీల్లోంచీ పోయింది. తెలుగు ఇటాలిక్ దొరికితే ఆ కాగితాల్లో దొరుకుతుందని నా నమ్మకం. అది నిటారుగా ఉన్నా ఫరవాలేదు. సాగే గీత, కలిసే తలకట్లు, కొద్దిగా సన్నబడ్డ పొట్టలు చాలు. చూడగానే ఇది వేరే చెయ్యి అని తెలిస్తే చాలు.

సంపాదకుడు: మీరు ఎంచుకున్న ఉదాహరణే నన్ను భయపెడుతోంది. ఆ గొలుసుకట్టు ఎవరు చదవగలిగేవారు? రాసిన కరణం, ఇంకో కరణం. తన పొలం కాగితం తన చేతిలోనే ఉన్నా అందులో ఏముందో తెలియక రైతు కరణం అరుగు ముందు నిలబడేవాడు. సర్వే నంబరు ఎక్కడ మారిందో, హద్దు ఎక్కడ జరిగిందో అడిగే దారి ఉండేది కాదు. విడివిడిగా, గుండ్రంగా, అందరికీ ఒకేలా కనిపించే అచ్చక్షరం వచ్చాకే అక్షరాలు నేర్చుకున్న ఎవరైనా చదవగలిగే పేజీ మనకు దొరికింది. ఆ అక్షరంతోనే మా తరం చదువుకుంది. అచ్చు ఏ చేతి నుంచి మనల్ని తప్పించిందో ఆ చేతిని మళ్లీ అచ్చులోకి పిలుస్తున్నారు మీరు.

అక్షరశిల్పి: ఇది బరువైన మాట. తేలిగ్గా తీసుకోను. మా ఇంట్లోనూ అలాంటి కాగితం ముందు నిస్సహాయంగా కూర్చున్నవాళ్లున్నారు. అయితే పోప్ కచేరీ మాత్రం ఏమంత సామాన్యుల చోటు? అదీ అధికారపు రాతే. పండితులు దాన్ని కావ్యాల నకలుకు వాడారు, అచ్చు దాన్ని మచ్చిక చేసింది. ఆల్డస్ ఇటాలిక్‌లో జంటగా కలిపి పోసిన అక్షరాలు పదుల్లో ఉండేవి. చదువరికి అడ్డం వచ్చినవి క్రమంగా పోయాయి, అందం ఇచ్చినవి మిగిలాయి. గొలుసుకట్టును ఉన్నదున్నట్టు దించమని నేను అనడం లేదు. దాని కదలికను తీసుకుని, దాని దాపరికాన్ని వదిలెయ్యాలి.

సంపాదకుడు: ఆల్డస్ చేసిన ఇంకో పని కూడా గుర్తు చేసుకోండి. గ్రీకు పుస్తకాలకూ ఆయన ఆనాటి పండితుల వేగపు రాతనే అచ్చుగా పోయించాడు. ముడులు, కలయికలు, కుదింపులు వందల కొద్దీ. యూరప్ అంతా దాన్నే అనుకరించింది. రెండు వందల ఏళ్లకు పైగా గ్రీకు నేర్చుకునే ప్రతి విద్యార్థీ భాషతో పాటు ఆ ముడులనూ విప్పుకోవాల్సి వచ్చింది. ఒక గొప్ప ముద్రాపకుడి ఇష్టం ఒక భాష చదువరుల మీద అంత కాలం బరువుగా కూర్చుంది. తెలుగులో అలాంటిది జరగదని మీరు హామీ ఇవ్వగలరా?

అక్షరశిల్పి: ఇవ్వలేను. గ్రీకు విషయంలో మీరు చెప్పింది పూర్తిగా నిజం. ఒక్క తేడా మాత్రం చూడండి. గ్రీకుకు ఆ వేగపు రాతే ఏకైక అచ్చు అయింది, పక్కన నిలువు రూపం లేకుండా పోయింది. లాటిన్‌లో రెండూ ఉన్నాయి కాబట్టి ఒకదాని బరువు ఇంకోటి మోసింది. నేను అడిగేది రెండోదాన్ని చేర్చమనే, మొదటిదాన్ని తీసెయ్యమని కాదు. ఇంకొకటి. తెలుగువాళ్లు రెండో చేతిని అచ్చులో ఇప్పటికే ఒప్పుకున్నారు. బాపు గారి రాత ఫాంటుగా మారి శుభలేఖల మీద, పుస్తకాల అట్టల మీద ఎంతగా కనిపిస్తోందో మీకు తెలుసు. దాన్ని ఎవరూ చదవలేకపోవడం లేదు. పేజీ మీద ఆయన అక్షరం కనిపించగానే ఎవరో నేరుగా మనతో మాట్లాడుతున్నట్టుంటుంది. 1501లో వెనిస్‌లో వర్జిల్ కొన్నవాళ్లకు కలిగిన దగ్గరితనం అలాంటిదే అయ్యుంటుంది.

సంపాదకుడు: బాపు రాత మీద నాకున్న ప్రేమ మీకున్న దానికంటే తక్కువది కాదు. అది అట్ట మీద బాగుంటుంది, శుభలేఖ మీద ఇంకా బాగుంటుంది. కానీ అందులో ఆ మనిషి సంతోషం ఉంది. ఆ అక్షరాల్లో ఎవరి మరణవార్తనైనా వేయగలమా? కోర్టు తీర్పులో కేసు పేరు వేయగలమా? ఇటాలిక్ పని ఏ సందర్భంలోనైనా ఒదిగి ఉండడం. ఒక మనిషి ముద్ర అంత బలంగా ఉన్న రాత ఒదగదు.

అక్షరశిల్పి: ఆ మాట కాదనలేను. ముద్ర తగ్గించి చెయ్యి మాత్రమే మిగిల్చాలంటే కొన్ని తరాల పని పడుతుంది. గ్రిఫో మొదలు ఫ్రెంచ్ అక్షరశిల్పి గ్రాంజాన్ దాకా వాళ్లకూ పట్టింది.

సంపాదకుడు: తరాలంటున్నారు, చేసేవాళ్లు ఎక్కడున్నారు? లాటిన్ ఇటాలిక్‌లో చిన్నక్షరాలు ఇరవయ్యారు. మనకు హల్లులు, గుణింతాలు, వత్తులు, వత్తు మీద వత్తు కలిపితే ఒక ఫాంటులో వందల రూపాలు గీయాలి. కలిసిపోయే తలకట్లంటే ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. నిలువు ఫాంట్లే సరిగా లేవు మనకు. పై లైను వత్తు కింది లైను గుడికి తగలకుండా ఉండే పుస్తకపు ఫాంటు కోసం నేను వెతుకుతూనే ఉంటాను. బోల్డ్ ఉన్నవాటిలో చాలావాటికి అది కూడా సాఫ్ట్‌వేర్ లావు చేసిందే. ఉన్న నలుగురు శిల్పులూ ఇటాలిక్ మీద పడితే, పత్రిక రోజూ చదివే మనిషికి కావాల్సిన నిలువు అక్షరం ఎవరు బాగు చేస్తారు?

అక్షరశిల్పి: వరస మీరు చెప్పినట్టే ఉండాలి. ముందు మంచి నిలువు అక్షరం. నేనూ రోజంతా చేసేది ఆ పనే, వత్తుల ఎడం సరిచేసుకుంటూ. కానీ రెండోది ఎలా ఉండాలో ఆలోచన ఇప్పుడే మొదలుకాకపోతే, మొదటిది పూర్తయ్యేసరికి చూసి నేర్చుకోవడానికి ఆ కాగితాలే ఉండవు. గొలుసుకట్టు రాయడం వచ్చినవాళ్లు ఇప్పుడు చాలా పెద్దవాళ్లు. దస్తావేజులు చెదలు పడుతున్నాయి, ఇల్లు మారేటప్పుడు చెత్తలోకి పోతున్నాయి.

సంపాదకుడు: తెలుగు ఇటాలిక్ మీద నా అభిప్రాయం మారలేదు. మీరు గీసుకొచ్చిన రోజున, బడి మానేసి మళ్లీ చదవడం మొదలుపెట్టిన మనిషి చేతిలో ముందు పెడతాను. ఆ మనిషి ఆగకుండా చదివితే అప్పుడు నా పేజీలోకి రానిస్తాను. అప్పటి దాకా నా పత్రికలో బటన్ నొక్కి వాల్చిన తెలుగు అచ్చు కాదు. ఆ దస్తావేజులు పోకూడదన్న విషయంలో మాత్రం మీ పక్కనే ఉంటాను. ఇటాలిక్ కోసం కాదు, వాటిని చదవలేక నిలబడ్డ రైతుల కోసం. వాటిలో ఏముందో వాళ్ల మనవలకైనా తెలియాలి.

అక్షరశిల్పి: ఆ పరీక్షకు నేను సిద్ధమే. చదివే మీకు నా విన్నపం ఒకటి. తాతల నాటి పెట్టెల్లో గొలుసుకట్టు కాగితాలుంటే పారెయ్యకండి. మంచి వెలుతురులో ఫోటోలు తీసి ఉంచండి. ఇంట్లో ఆ రాత చదవగలిగే పెద్దవాళ్లుంటే, వాళ్ల పక్కన కూర్చుని అక్షరం అక్షరం చదివించుకుని, పక్కనే మామూలు తెలుగులో రాసి పెట్టుకోండి.